దవడ పళ్ల మీద దండయాత్ర

దవడ పళ్లంటే ఎవరికీ గౌరవం లేదు. పెళ్లిచూపుల్లో ముందు పళ్లే చూస్తారు. ఫొటోలో అవే పడతాయి. దానిమ్మ గింజలనీ మల్లెమొగ్గలనీ అందరూ పొగిడేదీ వాటినే. నోట్లో వెనకాల చీకట్లో కూర్చుని, బతికినంతకాలం మనకు నమిలిపెట్టే పళ్లను మాత్రం నొప్పి వచ్చినప్పుడు తప్ప ఎవరూ తలుచుకోరు. అప్పుడు తలుచుకునేదీ పీకించుకోవడానికే.

మా రోజుల్లో పళ్ల డాక్టరుకు కూడా ఇంచుమించు అంతే మర్యాద. ఇప్పుడు మీరంతా చల్లటి గదుల్లో, రంగురంగుల కుర్చీల పక్కన నిలబడి పని చేస్తున్నారు. సంతోషం. ఈమధ్య మీలో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" నేనేదో దవడ విరిగిన మనిషినో, ఎలుగుబంటి చీల్చిన ముఖాన్నో చెబుతానని మీ ఆశ. అలాంటివీ చూశాను. కానీ నాకు మరుపు రానిది ఒక పెద్ద డాక్టరు. ఆయన పేరూ ఆ ఊరి పేరూ చెప్పను. ఆయనకు పిల్లలున్నారు, మనవలున్నారు. వాళ్ల పళ్లు చల్లగా ఉండాలి.

మాది పెద్దపల్లి దగ్గర పల్లె. బాపు మిషన్ బడిలో పంతులు. అమ్మ, మా మాటలో అవ్వ, కూలికి నాట్లు వేసేది. మా చర్చి సంఘంలో చదువుకున్న ఆడపిల్లలంతా నర్సులో టీచర్లో అయ్యారు. నేను పళ్ల డాక్టరునవుతానంటే అవ్వ, "మంది నోట్లె చెయ్యి పెట్టి బతుకుతవా బిడ్డా?" అంది. హైదరాబాదులో చదువు అయిపోగానే గోదావరి దాటించి ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా ఊరికి వేశారు. అరవైల నడిమి కాలం. ఏ పుణ్యాత్ముడు సంతకం పెట్టాడో గానీ ఆ ఆసుపత్రికి అంతకుముందే ఒక పళ్ల కుర్చీ మంజూరైంది. కుర్చీ వచ్చింది, డాక్టరు రాలేదు. నేను వెళ్లేసరికి దాని మీద పాత దుప్పట్లు మడత పెట్టి ఉన్నాయి.

చెన్నూరు వైపు పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్ల తిండి జొన్నరొట్టె, మక్క గట్క అనే మొక్కజొన్న సంకటి. వరి అన్నం పండుగలకే. జొన్నరొట్టె పొద్దున చేసింది సాయంత్రానికి అట్టలాగా అవుతుంది. దాన్ని తినాలంటే దవడలో దమ్ముండాలి. అక్కడివాళ్ల దవడ పళ్లు చూసి నేను మురిసిపోయేదాన్ని. అరిగి, నునుపు తేలి, రాయిలా గట్టిగా ఉండేవి. పుచ్చు తక్కువ.

అలాంటి ఊరికి ఆ పెద్దసారు వచ్చాడు.

ఆయన సర్జన్, మా ఆసుపత్రికి అధికారి. విదేశంలో కొంతకాలం ఉండి వచ్చాడు. మే నెల ఎండలోనూ టై కట్టుకునేవాడు. చేతివేళ్లు మాత్రం చక్కనివి, పొడుగ్గా, తెల్లగా, పని చేసిన గుర్తు లేకుండా. ఆయన అక్కడి నుంచి ఒక సిద్ధాంతం మోసుకొచ్చాడు. మనిషికి వచ్చే రోగాల్లో ముప్పాతిక వంతు దవడ పళ్ల నుంచే వస్తాయట. వాటి వేర్ల కింద కనిపించని చీము ఉంటుందట. అది రక్తంలో కలిసి మోకాలికి పోతే కీళ్లనొప్పి, గుండెకు పోతే గుండెదడ, తలకు పోతే పిచ్చి. కాబట్టి రోగం ఏదైనా ముందు దవడ పళ్లు తీసెయ్యాలి.

మీరు నవ్వొద్దు. దాంట్లో పిసరంత నిజం ఉంది. పుచ్చిన పన్ను కింద చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది, అలా పోయినవాళ్లను నేనూ చూశాను. కానీ పిసరంత నిజం దొరికితే దాన్ని ఊరందరి నోళ్లకూ అంటించే రకం మనిషి ఆయన. పైగా ఆయన సిద్ధాంతం అప్పటికే విదేశాల్లో పాతబడిపోయింది. అక్కడివాళ్లు విడిచేసిన కోటును తెచ్చి మన దగ్గర కొత్తదని తొడుక్కున్నాడు.

ఆయన బల్ల మీద ఒక గాజు సీసా ఉండేది. దాని నిండా మనుషుల దవడ పళ్లు. అంతకుముందు పనిచేసిన చోట పీకించినవి. వచ్చిన ప్రతి అధికారికీ ఆ సీసా చూపించేవాడు, మిఠాయి డబ్బా చూపించినట్టు. మొదటి రోజు నాకూ చూపించాడు.

"చూడమ్మా, ఎన్ని రోగాలను సీసాలో పెట్టానో!"

సీసా చేతిలోకి తీసుకుని చూశాను. సగానికి పైగా నిక్షేపంగా ఉన్నాయి. గీత లేదు, గుంట లేదు. "వీటిలో చాలా మంచి పళ్లే ఉన్నాయి కదా సార్" అన్నాను.

"పైకి మంచివే" అన్నాడు ఆయన, నా మీద జాలిపడుతూ. "అందుకే అవి ప్రమాదం."

ఆ లెక్కన పన్ను చెడిపోతే చెడిపోయినందుకు పీకాలి. బాగుంటే బాగున్నందుకు పీకాలి.

ఆయనతో పాటు వంటమనిషి ఒకతను వచ్చాడు. హుస్నాబాద్ దగ్గరివాడు, నడివయసు. ఒకరోజు మా గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. ముందు పళ్లు బయటికి వాలి, ఒకదానికొకటి దూరమై కనిపించాయి.

"ఏమైందన్నా?" అన్నాను.

"ఏం జెప్పాలె డాక్టరమ్మా. మోకాళ్లు గుంజుతున్నయంటే సారు నోరు తెరువుమన్నడు. మోకాలు సూడనే సూడలే. దౌడపండ్లన్ని తీపిచ్చిండు. మోకాళ్లు గట్లనే ఉన్నయి, పండ్లే పోయినయి."

"ఇప్పుడేం తింటున్నవు?"

"ఏం తింట? సారుకు రొట్టెలు నేనే జేస్త. నేను మాత్రం గంజిల నానవెట్టుకోని మింగుత. ముందటి పండ్లతోని నమిలి సూసిన. అవి కదులుతున్నయి. గవ్విగూడ పోతే ఇగ కత ఖతమే."

ఆ రోజు అతనికి అద్దం ఇచ్చి చూపించాను. అడకత్తెరలో వక్కను మొన దగ్గర పెట్టం కదా, మడత దగ్గర పెడతాం. అక్కడే బలం. దవడ కూడా అంతే. చెవి ముందు ఉన్న మడతకు దగ్గరగా దవడ పళ్లున్నాయి కాబట్టి వాటికి అంత శక్తి. వాటి నెత్తి మీద గుబ్బలుంటాయి, గుబ్బల మధ్య గుంటలుంటాయి. పై పన్ను గుబ్బ వచ్చి కింది పన్ను గుంటలో కూర్చుంటుంది. దవడ పక్కకు జరిగినప్పుడు ఆ రెండూ కలిసి నూరతాయి. ముందు పళ్లకు అంచు తప్ప మరేమీ లేదు, ఒంటి వేరు. కొరకడానికే గానీ నూరడానికి పనికిరావు. నూరే పని మీద పెడితే ఇదిగో ఇలా వాలిపోతాయి.

అతను అంతా విని, "అంటె సారు ఇసుర్రాయి పీకి పారేసిండు, ఇగ చాటతోని ఇసురుకోమన్నడు" అన్నాడు.

దవడల అచ్చు తీసి పట్నానికి పంపించి కట్టుడు పళ్లు తెప్పించాను. అవి పెట్టుకున్నాక మొదటిసారి రొట్టె ముక్క నమిలి చూపించడానికి ఆసుపత్రికే వచ్చాడు. నములుతూ నిలబడ్డాడు, మింగాక గానీ మాట్లాడలేదు.

"సారుకు తెల్వనియ్యకుండ్రి. నేను మంచిగయిననని అందరికి జెప్పుకుంటుండు" అన్నాడు.

నిజమే. ఆ సర్జన్ తన వంటమనిషిని అందరికీ చూపించి, పళ్లు తీశాక కీళ్లనొప్పులు పూర్తిగా పోయాయని చెప్పేవాడు. పక్కన ఇతను కుంటుకుంటూ చాయ్ కప్పులు అందించేవాడు. చూసేవాళ్లకు కుంటు కనిపించేది కాదు. పెద్ద డాక్టరు మాట్లాడుతుంటే కాళ్ల వంక ఎవరు చూస్తారు!

ఇక్కడ పీకే పని నాది కాబట్టి ఆయన నా దగ్గరికి రోగులను పంపడం మొదలుపెట్టాడు. 'దవడ పళ్లన్నీ తీయవలెను' అని చిట్టీ. నేను నోరు చూసి, పుచ్చింది ఉంటే తీసేదాన్ని. లేకపోతే 'పళ్లు ఆరోగ్యంగా ఉన్నవి' అని రాసి తిప్పి పంపేదాన్ని. పత్తి మిల్లులో పనిచేసే ఒకామె మూడుసార్లు మా ఇద్దరి మధ్య తిరిగి, చివరికి మా ఇద్దరినీ కలిపి తిట్టి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "నడుము నొస్తుందని వస్తె నా నోరుతోని మీకేం పంచాయితి?" అంది. ఆ ఆసుపత్రిలో నేను విన్న రోగ నిర్ధారణల్లో అదే సరైనది.

పెద్దసారుకు కోపం వచ్చింది. కానీ ఆయన కోపం గొంతులోకి వచ్చేది కాదు. ఇంకా తీయగా మాట్లాడేవాడు. ఒకరోజు పిలిపించి కూర్చోమన్నాడు.

"పెద్దవాళ్లు మూర్ఖులమ్మా. వాళ్లను మార్చలేం. పిల్లలతో మొదలుపెడదాం. ఇక్కడి హాస్టల్లో పిల్లలను పరీక్షించాను. సగం మందికి జ్వరాలు, గొంతు వాపులు. నోట్లో చూస్తే వెనక పళ్ల మీద నల్లటి గీతలు. అవన్నీ ఒకేరోజు తీసేద్దాం. క్యాంపు పెడదాం. పంచాయతీ సమితి ప్రెసిడెంటు వస్తానన్నాడు. ఫొటోగ్రాఫర్‌ను కూడా రమ్మన్నాను."

ఆ జ్వరాలు దోమల జ్వరాలు. హాస్టల్ వెనక మురికిగుంట చూసినవాళ్లెవరైనా చెబుతారు. నల్లగీతలు పుచ్చు కాదు. పన్ను మీద గుబ్బల మధ్య లోతైన సందుల్లో మరక పడుతుంది, అంతే.

"సార్, ఆ పిల్లలు ఎనిమిది, తొమ్మిదేళ్లవాళ్లు. మీరు చెప్పే పన్ను ఆరేళ్లకు వచ్చేది" అన్నాను.

"పాలపన్నే కదా. పోతే మళ్లీ వస్తుంది."

కత్తి పట్టి మనుషుల పొట్టలు కోసే మనిషి. పళ్లు కనిపించినంత మేర పీకించిన మనిషి. ఆ పన్ను ఏమిటో ఆయనకు తెలియదు.

"పాలపన్ను కాదు సార్. ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ల వెనక ఖాళీ చోటులో వస్తుంది. ఊడింది లేదు కాబట్టి తల్లిదండ్రులకు తెలియదు, పాలపన్నే అనుకుంటారు. అది ఒక్కసారే వచ్చే పన్ను. దాన్ని పట్టుకునే మిగతా పళ్లు వరుస కడతాయి. పై దవడా కింది దవడా ఎంత ఎత్తులో కలవాలో అదే నిర్ణయిస్తుంది. ఈ వయసులో అది పోతే..."

"నాకు పాఠం చెబుతున్నావా?"

"లేదు సార్. నేను పీకనని చెబుతున్నాను."

ఆయన నవ్వాడు. సీసాను బల్ల మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపాడు. "నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కదమ్మా. మీ నాన్నగారు బడిపంతులనుకుంటాను. బాగా ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఇంట్లో నా తర్వాత ఇద్దరు చదువుకుంటున్నారు. అయినా ఎంత ఆలోచించినా ఆ పిల్లల నోళ్లలో పటకారు పెట్టే చెయ్యి నాదిగా కనిపించలేదు. కనీసం వార్డెన్ అయినా అడ్డం పడతాడేమోనని హాస్టల్‌కు వెళ్లాను. ఆయన అప్పటికే పిల్లల చొక్కాలకు కుట్టడానికి రంగు రిబ్బన్లు కత్తిరిస్తున్నాడు.

విషయం చెప్పాను. ఆయన కత్తెర ఆపలేదు.

"గిదేం పరేషాన్ పెడుతున్నరమ్మా నాకు? పెద్దసారు ఆర్డర్, ప్రెసిడెంట్ సాబ్ వస్తుండు. నేను కాదంటె ఊకుంటరా?"

"పిల్లలు రేపు ఎట్ల నములుతరు?"

"ఏం నములుతరమ్మా? మా హాస్టల్ల నమిలెటంత గట్టి తిండి యాడున్నది?" అన్నాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. తల్లిదండ్రులకు చెప్పిద్దామంటే వాళ్లు దూరపు పల్లెల్లో ఉన్నారు. పై అధికారికి రాసిన కాగితం ఇంకా దారిలోనే ఉండగా క్యాంపు రోజు వచ్చింది.

హాస్టల్ ముందర షామియానా వేశారు. మామిడాకుల తోరణాలు కట్టారు. గ్రామఫోను పాట పెట్టారు. బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని మీద నా పటకార్లే, మా గదిలోంచి తెప్పించి వరుసగా పేర్చారు. పక్కన ఖాళీ గాజు సీసా, కొత్తది. పిల్లలను పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక నిలబెట్టారు. ఒక్కొక్కరి చొక్కాకు రిబ్బన్. వాళ్ల కళ్లన్నీ పటకార్ల మీదే ఉన్నాయి.

సమితి ప్రెసిడెంటు లావుపాటి మనిషి, తెల్లటి ధోవతి, నోట్లో ఎప్పుడూ పాన్. ఆయన చాలాసేపు ఉపన్యసించాడు. ఆనకట్టల గురించీ బడుల గురించీ చెప్పి, చివరికి పళ్ల దగ్గరికి వచ్చాడు. దేశం ముందుకు పోవాలంటే వెనక పళ్లు పోవాలన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

పెద్దసారు నా వైపు తిరిగి, "రండి డాక్టర్, మొదలుపెట్టండి" అన్నాడు. మొట్టమొదటిసారి 'రండి' అన్నాడు, అందరూ వింటున్నారు కదా.

నేను కూర్చున్న చోటు నుంచి లేచాను.

"ఈ పండ్లు పోతే మళ్ల రావు. ఇవి పాలపండ్లు కావు. పిల్లలు బతికినన్నొద్దులు వీటితోనే తినాలె. నేను పీకను."

షామియానా కింద గుసగుసలు. పెద్దసారు చెదరలేదు. జనం వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. "కొత్త డాక్టరు, ఆడపిల్ల. రక్తం చూస్తే భయం. ఫరవాలేదు, నేనే చేస్తాను" అని కోటు విప్పి చేతులు కడుక్కున్నాడు. జనం ఆ మాటకూ చప్పట్లు కొట్టారు. ఆ జనం ఆ రోజు దేనికైనా కొట్టేవాళ్లు.

కానీ పిల్లలు కదలలేదు. ముందున్న పొట్టివాడిని వార్డెన్ రెక్క పట్టి లాగాడు. వాడు నేల మీద చతికిలబడి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వాడిని చూసి మిగతావాళ్లంతా నోళ్లు మూసుకున్నారు. వరుస వరుసంతా అరచేతులే. ఫొటోగ్రాఫర్ ఆ ఫొటో తీయలేదు. తీసి ఉంటే దాచుకునేదాన్ని.

అప్పుడు ప్రెసిడెంటుకు ఉత్సాహం పుట్టింది.

"పోరగాండ్లు భయపడుతున్నరు డాక్టర్ సాబ్. ముందుగాల నాది పీకుండ్రి. నాకు గూడ పైన దౌడపన్ను అప్పుడప్పుడు జర సులుక్కుమంటది. నేను ధైర్యం జేస్తె ఆళ్లు జెయ్యరా?" అని వెళ్లి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. ఫొటోగ్రాఫర్ దగ్గరికి జరిగాడు.

పెద్దసారు ముఖంలో రంగు మారింది. అది నేనొక్కదాన్నే చూశానేమో. అన్నేళ్లుగా ఇన్ని పళ్లు పీకించాడు గానీ, తన చేత్తో ఒక్కటైనా పీకినట్టు ఎవరూ చూడలేదు. పీకడం ఆయన దృష్టిలో చేతిపని. చిట్టీ రాయడమే వైద్యం.

వెనక్కి తగ్గడానికి దారి లేదు. బల్ల మీదికి చెయ్యి చాపి, ముందు పళ్లకు వాడే సూటి పటకారు తీసుకున్నాడు.

"సార్, అది కాదు" అన్నాను.

ఆయన వినలేదు.

"మత్తు సూది ఇయ్యకుండనేనా?" అన్నాను.

"ఒక్క నిమిషం పనికి సూదెందుకు? ప్రెసిడెంటుగారు ధైర్యవంతులు" అన్నాడు.

పై దవడ పన్నుకు మూడు వేర్లుంటాయి. బుగ్గ వైపు రెండు, అంగిలి వైపు ఒకటి. ముక్కాలిపీట కాళ్లలాగా ఎడంగా విచ్చుకుని ఎముకలో దిగి ఉంటాయి. మెల్లగా అటూ ఇటూ ఒరిపి, ఎముకను వదులు చేసుకుని, అప్పుడు బుగ్గ వైపు వంచుతూ తీయాలి. ఆయన దాన్ని మేకు పట్టినట్టు పట్టి, కిందికి లాగాడు. రాలేదు. ఇంకోసారి మెలిపెట్టి లాగాడు.

టప్ మని చప్పుడైంది. ఆ చప్పుడు మీలో ఎవరికైనా తెలుసు. తెలియకపోతే తెలియకుండానే రిటైర్ కావాలని కోరుకుంటాను.

పన్ను తల విరిగి పటకారులో వచ్చింది. ఆయన దాన్ని పైకెత్తి జనానికి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫర్ మెరుపు వెలిగించాడు. మూడు వేర్లూ ప్రెసిడెంటు దవడలోనే ఉన్నాయి.

అప్పుడు ప్రెసిడెంటు అరిచాడు. అంత లావు మనిషిలో అంత సన్నని గొంతు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. కుర్చీతో సహా లేచాడు. తెల్లటి ధోవతి మీద నెత్తురు. పెద్దసారు దూది తీసుకుని దగ్గరికి వెళ్లబోతే ఆయన చేత్తో ఒక్క తోపు తోశాడు. ఖాళీ సీసా కింద పడి పగిలింది. గ్రామఫోను మాత్రం ఎవరికీ ఏమీ పట్టనట్టు పాడుతూనే ఉంది.

నేను ప్రెసిడెంటును లోపల వార్డెన్ గదిలోకి తీసుకెళ్లాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి సూది ఇచ్చాను. నొప్పి తగ్గేదాకా ఆయన నా చెయ్యి వదలలేదు. తగ్గాక సన్నని ఉలితో వేర్లను విడదీసి, ఒక్కొక్కటే బయటికి తెచ్చాను. అంగిలి వైపుది మొండికేసింది. చాలాసేపు పట్టింది. తీసినవి మూడూ గుడ్డ మీద పెట్టి చూపించాను.

"గా పోరగాండ్లవి గూడ గిట్లనేనా?" అన్నాడు, సగం చచ్చిన పెదవితో.

"ఆళ్లయి ఇంక పెరుగుతనే ఉన్నయి. మీరు ఇన్నేండ్లు నమిలిండ్రు. ఆళ్లు మొన్ననే మొదలువెట్టిండ్రు."

ఆయన వేర్ల వైపు చూశాడు, తర్వాత ధోవతి మీది మరక వైపు చూశాడు. "మంది ముంగట నా ఇజ్జత్ తీసిండు" అన్నాడు.

లేచి, దూది కరిచిపెట్టుకునే బయటికి వెళ్లాడు. మాట సరిగా రావడం లేదు. చేతులతో గాలిని కోసినట్టు చూపించాడు.

"బంద్! క్యాంపు బంద్! పోరగాండ్లకు మిఠాయి ఇచ్చి పంపుండ్రి. ఓ పెద్ద డాక్టర్, నువ్వు మళ్ల నా సమితిల పటకార పట్టినవంటె సూడు!"

పిల్లల గురించి ఆయన అన్నది ఆ మిఠాయి మాట ఒక్కటే. అయినా అది చాలింది. పిల్లలు అరచేతులు తీసి మిఠాయి తీసుకున్నారు. గట్టి బెల్లం పల్లీ పట్టీలు. నేను అక్కడే నిలబడి వాళ్లు నమలడం చూశాను. నా సర్వీసు మొత్తంలో అంత చక్కటి శబ్దం వినలేదు.

మీరిప్పుడు న్యాయం గెలిచిందని అనుకుంటున్నారేమో. కొంచెం ఆగండి. తర్వాత వచ్చిన ఎన్నికల్లో ప్రెసిడెంటు ఊరూరా తిరిగి, హాస్టల్ పిల్లల పళ్లు కాపాడటానికి తన పన్ను అడ్డం పెట్టానని చెప్పుకున్నాడు. గెలిచాడు కూడా. పెద్దసారు పైవాళ్లకు పంపిన నివేదికలో, ప్రజల అజ్ఞానం వల్లా సిబ్బంది సహాయ నిరాకరణ వల్లా క్యాంపు వాయిదా పడిందని రాశాడు. ఆ సిబ్బంది నేనే. కొన్ని నెలలకు ఆయనకు పెద్ద ఊరికి ప్రమోషన్ వచ్చింది. నాకు పళ్ల కుర్చీ లేని ఆసుపత్రికి బదిలీ వచ్చింది. హాస్టల్ వెనక మురికిగుంటకు మాత్రం ఏ ఆర్డరూ రాలేదు. అది అక్కడే ఉండిపోయింది.

నేను ఆ ఊరు వదలడానికి ముందు జరిగింది చెప్పి ఆపుతాను.

పొద్దున ఓ.పి. నడుస్తోంది. వరండాలో బెంచీ నిండా జనం. పెద్దసారు వచ్చాడు. టై ఉంది గానీ ముడి వంకరగా ఉంది. ఒక చెంపను అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. కుర్చీలో కూర్చుని, నా వైపు చూడకుండా నోరు తెరిచాడు.

కింది దవడ పన్ను. గుబ్బల మధ్య చిన్న నల్లటి గుంట. లోపల పుచ్చు కొంచెం లోతుకు దిగింది గానీ నరం దాకా పోలేదు.

"రాత్రంతా నిద్ర లేదు" అన్నాడు.

"చూశాను సార్. మీ పద్ధతి ప్రకారమైతే..." అంటూ పటకారు వైపు చూశాను. చూడటమే, చెయ్యి వెయ్యలేదు.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పొడుగాటి తెల్లటి వేళ్లు చల్లగా ఉన్నాయి.

"పీకొద్దమ్మా. నింపడానికి వీలవుతుందా?"

ఇన్నాళ్లూ ఎంతమందో ఇదే మాట ఇలాగే ఎవరో ఒకరిని అడిగి ఉంటారు. ఆ సంగతి ఆయన ముఖం మీదే అనాలనిపించింది. అనలేదు. పన్ను బతికే పన్ను. బతికే పన్నును బతికించడమే నాకు నేర్పిన పని, అది ఎవరి నోట్లో ఉందన్నది ఆ చదువులో లేదు.

"వీలవుతుంది సార్" అన్నాను.

"అయితే ఆ తలుపు వేసెయ్యి."

మా గదిలో దీపం పాడై చాలా రోజులైంది. బాగు చేయించమని ఆయనకే రాశాను. కుర్చీని గుమ్మానికి ఎదురుగా వేసుకుని, వరండా వెలుతురులో పని చేస్తున్నాను.

"వేస్తే నాకు కనిపించదు సార్. ముందు పన్నయితే ఎలాగో చేసేదాన్ని. ఇది దవడ పన్ను, వెలుతురు కావాలి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను పన్ను తొలిచే మిషనును కాలితో తొక్కుతూ పుచ్చు తీయడం మొదలుపెట్టాను. బెంచీ మీదివాళ్లు లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. అందరికంటే ముందు ఒక ముసలామె నిలబడింది. మోకాళ్లనొప్పికి వచ్చిన మనిషి. కొంగు ముడిలో పెద్దసారు రాసిన చిట్టీ అంచు కనిపిస్తోంది.

"పెద్దసారు పన్ను పీకుతున్నవా బిడ్డా?" అని అడిగింది.

"లేదవ్వా. సారు ఉంచుకుంటడట" అన్నాను, మిషను ఆపకుండా.

ముసలామె కాసేపు ఆయన తెరిచిన నోటిలోకి చూసింది. దవడ మీద చెయ్యి వేసుకుని, తన పళ్లు ఉన్నాయో లేదో లోపల నాలుకతో తడిమి చూసుకున్నట్టుంది.

"అయితె నాయి గూడ ఉండనియ్యి" అని, చెప్పులేసుకుని ఇంటికి పోయింది.